హైదరాబాదులో ఉంటున్న విదేశీయులు: వీసా గడువులు, ఇంటివారి బాధ్యతలు, రాజ్యాంగ హక్కులు

టోలిచౌకిలో మా ఇంటి పై వాటాలో చాలా ఏళ్లుగా విదేశీ విద్యార్థులే అద్దెకుంటున్నారు. సూడాన్ నుంచి, యెమెన్ నుంచి వచ్చి ఇక్కడి కళాశాలల్లో డిగ్రీలు చదివే పిల్లలు. వాళ్ల కాగితాల పని చూసీ చూసీ నాకు అర్థమైనది ఒకటుంది. వీళ్లకు వచ్చే చిక్కుల్లో ఎక్కువ భాగం ఏదో ఒక తేదీ దాటిపోవడంతో మొదలవుతాయి. తేదీ దాటిందన్న భయంతో, ఇక తమకు ఏ హక్కూ లేదనుకొని నోరు మూసుకోవడంతో ఆ చిక్కు బిగుసుకుంటుంది. నిజానికి ఇవి రెండు వేర్వేరు సంగతులు. ఈ దేశంలో ఉండటం ప్రభుత్వం ఇచ్చే అనుమతి, దానికి గడువుంటుంది. మనిషిగా రాజ్యాంగం ఇచ్చిన రక్షణకు వీసా గడువుతో సంబంధం లేదు. విదేశీయులకు ఇల్లు అద్దెకిచ్చేవారికి, వారికి ఉద్యోగమో సీటో ఇచ్చేవారికి, అమెరికా పౌరులైన తమ పిల్లలూ మనుమలూ సెలవులకు ఇంటికి వచ్చే తెలుగు కుటుంబాలకు ఈ రెండూ విడివిడిగా తెలియాలి.

ముందుగా ఏ చట్టం నడుస్తోందో చూడండి

2025 సెప్టెంబరు 1 నుంచి ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం, 2025 అమలులోకి వచ్చింది. అంతకుముందు ఈ పనంతా 1920 నాటి పాస్‌పోర్టు చట్టం, 1939 నాటి విదేశీయుల నమోదు చట్టం, 1946 నాటి విదేశీయుల చట్టం, విమానయాన సంస్థల బాధ్యతను నిర్ణయించిన 2000 నాటి చట్టం కలిసి చేసేవి. కొత్త చట్టం ఆ నాలుగింటినీ రద్దు చేసి వాటి స్థానంలో నిలిచింది. కాబట్టి ఎవరైనా మీకు 1946 చట్టంలోని సెక్షన్ల నంబర్లు చూపించి సలహా చెబితే, ఆ సలహా పాతబడిందని గ్రహించండి.

ఈ చట్టం ప్రకారం చెల్లుబాటయ్యే పాస్‌పోర్టు, వీసా లేకుండా దేశంలోకి వస్తే ఐదేళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. వీసా గడువు దాటి ఉండిపోయినా, వీసా షరతులను ఉల్లంఘించినా మూడేళ్ల వరకు జైలు, 3 లక్షల వరకు జరిమానా ఉంటాయి. నకిలీ పాస్‌పోర్టుకైతే శిక్ష రెండేళ్లకు తగ్గదు, ఏడేళ్ల వరకు వెళుతుంది. జరిమానా లక్ష నుంచి 10 లక్షల వరకు. నేపాల్, భూటాన్ పౌరులకు వీసా అవసరం లేదన్న పాత మినహాయింపు అలాగే కొనసాగుతోంది.

వీసా కాగితాన్ని అక్షరం అక్షరం చదవండి

పాస్‌పోర్టులో అతికించిన వీసాను చాలామంది గడువు తేదీ కోసం మాత్రమే చూసి మూసేస్తారు. దాని మీద చూడవలసినవి ఇంకా మూడున్నాయి. వీసా ఏ రకానిది అన్నది మొదటిది: చదువుకా, ఉద్యోగానికా, పర్యటనకా, వైద్యానికా అన్నది అక్కడే రాసి ఉంటుంది. ఒక్కసారి రావడానికే చెల్లుతుందా, ఎన్నిసార్లయినా రావచ్చా అన్నది రెండోది. కింద చిన్న అక్షరాల్లో ఉండే షరతు మూడోది. వచ్చిన 14 రోజుల్లో నమోదు చేసుకోవాలనో, ఒక్కో బస ఇన్ని రోజులు మించరాదనో అక్కడ రాసి ఉంటుంది. అసలు చిక్కంతా ఆ చిన్న అక్షరాల్లోనే ఉంది.

మా దూరపు బంధువు ఒకావిడ అమెరికా పౌరురాలు. ఆమె దగ్గర పదేళ్ల పర్యాటక వీసా ఉంది. తల్లికి సుస్తీ చేస్తే వచ్చి, పదేళ్ల వీసా కదా అన్న ధీమాతో ఏడు నెలలు ఇక్కడే ఉండిపోయింది. శంషాబాద్‌లో ఇమిగ్రేషన్ కౌంటరు దగ్గర ఆపేసినప్పుడు గానీ, పదేళ్లన్నది వీసా చెల్లుబాటు కాలమని, ఒక్కో బసకు 180 రోజుల హద్దు వేరుగా ఉందని ఆమెకు తెలియలేదు. ఆ రోజు విమానం తప్పిపోయింది, టికెట్టు డబ్బు పోయింది, అనుమతి తెచ్చుకొని వెళ్లేసరికి మరో పది రోజులు పట్టింది. ఇ-వీసా మీద వచ్చినవారికి అతికించిన కాగితమే ఉండదు. వారు మెయిల్‌లో వచ్చిన అనుమతి పత్రాన్ని అచ్చు తీసి, విమానాశ్రయంలో వేసిన ముద్రతో పాటు జాగ్రత్త చేసుకోవాలి. ఏడాది, ఐదేళ్ల ఇ-పర్యాటక వీసాల మీద అమెరికా, బ్రిటన్, కెనడా, జపాన్ పౌరులు ఒక్కో విడత 180 రోజుల వరకు, మిగతా దేశాలవారు 90 రోజుల వరకు ఉండవచ్చు.

మొదటి 24 గంటలు: ఇంటివారి పని

విదేశీయుడు మీ ఇంట్లో దిగిన 24 గంటల్లో ఆ సంగతిని మీరు ప్రభుత్వానికి తెలియజేయాలి. హోటళ్లు, లాడ్జీలు, హాస్టళ్లు, పీజీలు మాత్రమే కాదు, ఒక్క గది అద్దెకిచ్చే మామూలు గృహస్థు కూడా ఈ పని చేయవలసిందే. దీన్ని ఇప్పటికీ అందరూ సి-ఫారం అనే అంటారు. కొత్త నియమాల్లో ఫారం నంబర్లు మారినా వాడుక పోలేదు.

దీనికోసం స్టేషన్ చుట్టూ తిరగనక్కర లేదు. బ్యూరో ఆఫ్ ఇమిగ్రేషన్ వారి వెబ్‌సైట్‌లో ముందుగా మీ ఇంటిని నమోదు చేయాలి. యజమాని పేరు, చిరునామా, ఏ పోలీసు స్టేషన్ పరిధి, ఎన్ని గదులు అన్నవి నింపితే ఒక యూజర్ ఐడీ వస్తుంది. ఈ మొదటి నమోదుకు ఆమోదం రావడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి, అద్దెకు మనిషి వచ్చాక మొదలుపెడితే 24 గంటల గడువు చేయి దాటిపోతుంది. అద్దెకివ్వాలని నిర్ణయించుకున్న రోజే నమోదు చేసి పెట్టుకోండి. తర్వాత ప్రతి కొత్త మనిషికీ పాస్‌పోర్టు నంబరు, వీసా నంబరు, దేశంలోకి వచ్చిన తేదీ, మీ ఇంటికి వచ్చిన తేదీ, అంతకుముందు ఉన్న చోటు, ఇక్కడి నుంచి వెళ్లబోయే చోటు నింపి ఫొటో జతచేస్తే చాలు. మనిషి ఖాళీ చేసినప్పుడు ఆ సంగతి కూడా నమోదు చేయాలి.

నేను మొదటిసారి నింపినప్పుడు వీసా నంబరులో సున్నా ఉండవలసిన చోట ‘ఓ’ అక్షరం కొట్టాను. ఆ ఒక్క అక్షరం వల్ల ఆ అబ్బాయి నమోదు దరఖాస్తు వెనక్కి వచ్చింది. అప్పటినుంచి కళ్లద్దాలు పెట్టుకొని, పాస్‌పోర్టు పక్కనే ఉంచుకొని, చివర రెండుసార్లు సరిచూసుకుంటాను. నింపిన ఫారం ప్రతి ఒకటి అద్దెకున్నవారికి ఇవ్వడం మరచిపోకండి. వారి నివాసానికి అద్దె ఒప్పందంతో పాటు అదే ముఖ్యమైన రుజువు.

పాస్‌పోర్టును మాత్రం మీ దగ్గర ఉంచుకోవద్దు. అద్దె ఎగ్గొడతారన్న అనుమానంతో కొందరు యజమానులు, పని మానేస్తారన్న అనుమానంతో కొన్ని సంస్థలు పాస్‌పోర్టు తీసి బీరువాలో పెడుతున్నాయి. పాస్‌పోర్టు దాన్ని జారీ చేసిన దేశపు ఆస్తి. దాన్ని తనఖా వస్తువులా అట్టిపెట్టుకునే అధికారం ఇంటి యజమానికీ లేదు, కంపెనీకీ లేదు. జిరాక్సు తీసుకోండి, అసలు ఇచ్చేయండి.

తర్వాతి 14 రోజులు: ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ నమోదు

180 రోజులకు మించిన విద్యార్థి, ఉద్యోగ, పరిశోధన, వైద్య వీసాల మీద వచ్చినవారు దేశంలో దిగిన 14 రోజుల్లో విదేశీయుల ప్రాంతీయ నమోదు అధికారి దగ్గర, అంటే ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ దగ్గర, నమోదు చేసుకోవాలి. పాకిస్తాన్ పౌరులకు ఇచ్చే గడువు 24 గంటలే. పన్నెండేళ్లలోపు పిల్లలకు నమోదు అక్కర లేదు. హైదరాబాదు ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ కార్యాలయం శంషాబాద్‌లో ఉంది. అయితే 2018లో ఇ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ అనే ఆన్‌లైన్ సేవ వచ్చాక చాలామందికి అక్కడికి వెళ్లే పనే పడటం లేదు. పిలుపు వస్తేనే వెళ్లాలి.

దరఖాస్తు వరుస ఇది. విదేశీయుడే తన మెయిల్‌తో ఖాతా తెరవాలి. ఏజెంటు మెయిల్‌తో తెరిస్తే తర్వాత వచ్చే ప్రశ్నలూ గడువులూ ఏజెంటుకే తెలుస్తాయి. పాస్‌పోర్టు మొదటి పేజీ, వీసా పేజీ, ఇమిగ్రేషన్ ముద్ర ఉన్న పేజీ, ఫొటో, సి-ఫారం ప్రతి, అద్దె ఒప్పందం, కళాశాల ఇచ్చే బోనఫైడ్ సర్టిఫికెట్ లేదా కంపెనీ లేఖ స్కాన్ చేసి పెట్టాలి. రుసుము ఉంటే ఆన్‌లైన్‌లోనే కట్టాలి. ఏదైనా కాగితం స్పష్టంగా లేదని అడిగితే వెంటనే తిరిగి పంపాలి. అన్నీ సరిపోతే నమోదు పత్రం మెయిల్‌కే వస్తుంది. ఇల్లు మారినప్పుడు కొత్త చిరునామా తెలియజేయడం కూడా ఇక్కడే. టోలిచౌకి నుంచి మెహిదీపట్నానికి మారడం మనకు పెద్ద విషయంగా అనిపించదు గానీ, పోలీసులు తనిఖీకి వచ్చినప్పుడు పాత చిరునామాలో మనిషి లేకపోతే అది ఉల్లంఘన కిందికే వస్తుంది.

వీసా పొడిగింపు కూడా ఈ వెబ్‌సైట్‌లోనే జరుగుతుంది. గడువు ముగియకముందే దరఖాస్తు చేయాలి. చివరి వారం దాకా ఆగితే కళాశాల సెలవులో, సర్వర్ మొరాయించడమో అడ్డం వస్తాయి. రెండు నెలల ముందు నుంచే కాగితాలు పోగుచేసుకోవడం మంచిది.

వీసా ఏ పనికి ఇచ్చారో ఆ పనే

విద్యార్థి వీసా మీద వచ్చినవారు ఉద్యోగం చేయరాదు. షవర్మా బండి దగ్గర సాయంత్రం పూట పనిచేసినా, కాల్ సెంటర్‌లో అరబిక్ మాట్లాడినా అది ఉల్లంఘనే. ఉద్యోగ వీసాకు సాధారణంగా ఏడాదికి 16.25 లక్షల రూపాయల కనీస జీతం ఉండాలి. తమ దేశపు వంట చేసే వంటవారికి, ఇంగ్లీషు కాని భాషలు బోధించేవారికి, అనువాదకులకు ఈ హద్దు వర్తించదు. ఇక్కడ ఒక సూక్ష్మం గమనించాలి. ఉద్యోగమిచ్చిన సంస్థ జీతం ఎగ్గొడితే, విదేశీయుడన్న కారణంతో ఆ బకాయి అడిగే హక్కు పోదు. వేతనాల చట్టం ఉద్యోగిని చూస్తుంది గానీ పౌరసత్వాన్ని చూడదు.

రాజ్యాంగం ఎవరికి ఏమిచ్చింది

రాజ్యాంగంలోని మాటలను జాగ్రత్తగా చూస్తే, కొన్ని అధికరణాల్లో ‘పౌరులు’ అని, కొన్నింటిలో ‘ఏ వ్యక్తి’ అని కనిపిస్తుంది. తేడా అంతా అక్కడే ఉంది. ఉద్యోగాల్లో సమానావకాశాన్నిచ్చే 16వ అధికరణం, భావప్రకటన స్వేచ్ఛను, దేశంలో ఎక్కడైనా నివసించే స్వేచ్ఛను ఇచ్చే 19వ అధికరణం పౌరులకే. చట్టం ముందు సమానత్వాన్నిచ్చే 14, శిక్షల విషయంలో రక్షణనిచ్చే 20, ప్రాణానికీ వ్యక్తిగత స్వేచ్ఛకూ రక్షణనిచ్చే 21, అరెస్టు సమయంలో రక్షణనిచ్చే 22, మతాచరణకు సంబంధించిన 25 ఈ గడ్డ మీద ఉన్న ప్రతి మనిషికీ వర్తిస్తాయి.

ఇది కాగితం మీది మాట అనుకోవద్దు. హౌరా రైల్వే స్టేషన్‌లో ఒక బంగ్లాదేశ్ మహిళపై రైల్వే సిబ్బంది అత్యాచారం చేసిన కేసులో, ఆమె విదేశీయురాలు కాబట్టి పరిహారం అడగలేదన్న వాదనను సుప్రీంకోర్టు 2000లో తోసిపుచ్చి, 10 లక్షల రూపాయల పరిహారాన్ని ఖాయం చేసింది. అదే సమయంలో హద్దు కూడా స్పష్టంగానే ఉంది. విదేశీయులను దేశం నుంచి పంపించే అధికారం ప్రభుత్వానికి విస్తృతంగా ఉందని సుప్రీంకోర్టు 1955 నుంచీ చెబుతూనే ఉంది. 2025 ఏప్రిల్‌లో పహల్గామ్ దాడి తర్వాత పాకిస్తానీయుల సాధారణ వీసాలను ప్రభుత్వం రద్దు చేసినప్పుడు, మన నగరంలో బంధువుల ఇళ్లకు వచ్చినవారు కూడా పెట్టెలు సర్దుకొని వెళ్లవలసి వచ్చింది. వీసా అనుమతి మాత్రమే అన్నదానికి ఇంతకన్న ఉదాహరణ అక్కర లేదు.

పోలీసులు వచ్చినప్పుడు ఏం చేయాలి

కొత్త చట్టం ప్రకారం హెడ్ కానిస్టేబుల్, ఆపై స్థాయి పోలీసు అధికారి వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. తాను విదేశీయుడిని కాదని, లేదా తన కాగితాలు సరైనవని రుజువు చేసుకునే భారం ఆ మనిషి మీదే ఉంటుంది. పాత చట్టంలోనూ ఇదే పద్ధతి. అయితే ఎదుటివాడి మీద కనీస ఆధారం ఏదీ లేకుండా, ఊరికే అనుమానంతో, రుజువు చేసుకో అని ఎవరినిపడితే వారిని నిలదీయడం కుదరదని 2024లో అస్సాం కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. బెంగాలీ మాట్లాడే మన దేశపు కూలీలకు కూడా పనికివచ్చే తీర్పు ఇది.

తనిఖీకి వచ్చినప్పుడు వాదన పెట్టుకోకుండా పాస్‌పోర్టు, వీసా, నమోదు పత్రం చూపించాలి. వాటి ప్రతులు ఫోన్‌లో, ఒక జత ఇంటి యజమాని దగ్గర ఉంటే మేలు. అరెస్టే జరిగితే ఈ కింది సంగతులు గుర్తుంచుకోవాలి. ఎందుకు అరెస్టు చేస్తున్నారో చెప్పాలి. కారణాలను రాతపూర్వకంగా, ఆ మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అమ్హారిక్ మాత్రమే తెలిసిన ఇథియోపియా అమ్మాయి చేతిలో తెలుగు కాగితం పెట్టి సంతకం చేయించుకుంటే ఆ ఆదేశాన్ని పాటించినట్టు కాదు. స్నేహితులకో బంధువులకో కబురు చేయాలి. తనకు నచ్చిన న్యాయవాదిని సంప్రదించుకోనివ్వాలి. ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. మహిళలను సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు, అసాధారణ పరిస్థితుల్లో తప్ప అరెస్టు చేయరాదు.

దీనికి తోడు విదేశీయులకు మాత్రమే ఉండే హక్కు ఒకటుంది. 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందంలోని 36వ అధికరణం ప్రకారం, వారు కోరితే వారి దేశపు రాయబార కార్యాలయానికి తెలియజేయాలి. అమెరికా, ఇరాన్, టర్కీ, యూఏఈ కాన్సులేట్లు హైదరాబాదులోనే ఉన్నాయి. ఆఫ్రికా దేశాల్లో చాలావాటికి ఢిల్లీ రాయబార కార్యాలయమే దిక్కు కాబట్టి, ఆ నంబరు ముందే రాసి పెట్టుకోవాలి. శరణార్థి అయినవారు మాత్రం తొందరపడి తమ దేశపు కార్యాలయాన్ని పిలవకూడదు. ఎవరి నుంచి పారిపోయి వచ్చారో వారికే ఆచూకీ ఇచ్చినట్టవుతుంది. అది కోరడమా మానడమా అన్నది పూర్తిగా ఆ మనిషి ఇష్టం.

న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేకపోతే ఉచిత న్యాయసహాయం ఉంది. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం మహిళలకు, పిల్లలకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ హక్కు ఇచ్చింది. 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. భర్త చేతిలో హింసకు గురవుతున్న విదేశీ మహిళ 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ కోరవచ్చు. వీసా భర్త మీద ఆధారపడి ఉందన్న కారణంతో మౌనంగా ఉండనక్కర లేదు. తెలంగాణ పోలీసులు మహిళల కోసం నడిపే షీ టీమ్స్, భరోసా కేంద్రాల సాయం పొందడానికి పౌరసత్వం అడగరు.

బాలాపూర్ సంగతి వేరు

పాతబస్తీ దాటి బాలాపూర్ వైపు వెళితే గుడిసెల్లో, రేకుల షెడ్లలో మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యా కుటుంబాలు కనిపిస్తాయి. 1951 శరణార్థుల ఒప్పందం మీద గానీ 1967 ప్రొటోకాల్ మీద గానీ భారతదేశం సంతకం చేయలేదు, మనకు ప్రత్యేక శరణార్థి చట్టమూ లేదు. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చే కార్డు గుర్తింపుగా పనికివస్తుంది గానీ, అది వీసా కాదు. చట్టప్రకారమైన ప్రక్రియను అనుసరించి వెనక్కి పంపవచ్చని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ప్రక్రియ లేకుండా పంపరాదన్నది కూడా అదే ఉత్తర్వులో ఉంది. పిల్లల చదువు విషయంలో మాత్రం తలుపు మూసుకోలేదు. ఢిల్లీ రోహింగ్యా పిల్లల విషయంలో 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ముందు బడిలో చేర్చమని అడగాలని, కాదంటే హైకోర్టుకు వెళ్లవచ్చని సూచించింది.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. దళారులు డబ్బు తీసుకొని ఆధార్, ఓటరు కార్డు చేయించి పెడతామని ఈ కుటుంబాలను ఆశపెడుతుంటారు. ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదు. చెల్లే వీసా ఉండి, 12 నెలల్లో 182 రోజులు ఇక్కడున్న విదేశీయుడు తన పాస్‌పోర్టుతోనే, చట్టబద్ధంగానే ఆధార్ తీసుకోవచ్చు. తప్పుడు వివరాలతో తీసుకున్నది మాత్రం ఉన్న కష్టానికి క్రిమినల్ కేసును జోడిస్తుంది.

మన పిల్లలే విదేశీయులైనప్పుడు

అమెరికా పౌరసత్వం తీసుకున్న రోజే భారత పౌరసత్వం పోతుంది. ఇది 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్. ఆ తర్వాత పాత భారత పాస్‌పోర్టును వాడటం నేరం. దాన్ని అప్పగించి, అప్పగించినట్టు పత్రం తీసుకోవాలి. విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డుకు ఆ పత్రమే మెట్టు. ఓసీఐ ఉన్నవారు ఎన్నిసార్లయినా రావచ్చు, ఎంతకాలమైనా ఉండవచ్చు, ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ నమోదు అక్కర లేదు. ఓటు లేదు, ప్రభుత్వోద్యోగం లేదు. ఇల్లూ ఫ్లాటూ కొనవచ్చు గానీ, వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనరాదు. తండ్రి పొలం వారసత్వంగా రావచ్చు. శంకర్‌పల్లి వైపు ఫామ్ ప్లాట్ల ప్రకటనలు చూసి డాలర్లు పంపే కొడుకులకు ఈ తేడాను అడ్వాన్సు ఇవ్వకముందే చెప్పాలి. 2021 మార్చి నాటి నోటిఫికేషన్ తర్వాత ఓసీఐ కార్డు పొందిన పిల్లలు నీట్, జేఈఈ రాసినా ఎన్నారై సీట్లకే అర్హులు. జర్నలిజం, పరిశోధన, మతప్రచారం చేయాలంటే ప్రత్యేక అనుమతి కావాలి.

2004 డిసెంబరు 3 తర్వాత ఇక్కడ పుట్టిన బిడ్డ భారత పౌరుడు కావాలంటే తల్లిదండ్రులిద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై, రెండోవారు అక్రమంగా వచ్చినవారు కాకూడదు. జనన ధ్రువపత్రం మాత్రం ప్రతి బిడ్డకూ దక్కాలి. దానితో పౌరసత్వం రాదు గానీ, అది లేకుండా ఆ బిడ్డకు ఏ దేశపు పాస్‌పోర్టూ తేలికగా రాదు.

పాస్‌పోర్టు పోతే, గడువు దాటితే

పాస్‌పోర్టు పోతే ముందు పోలీసు ఫిర్యాదు, తర్వాత రాయబార కార్యాలయం నుంచి కొత్త పాస్‌పోర్టు లేదా అత్యవసర ప్రయాణ పత్రం, ఆ తర్వాత ఇ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓలో వీసా బదిలీ లేదా నిష్క్రమణ అనుమతి. ఈ వరుస తప్పితే పని మళ్లీ మొదటికొస్తుంది. గడువు దాటిపోయినవారు కూడా జరిమానా కట్టి నిష్క్రమణ అనుమతి తెచ్చుకోవాలి. రోజులు పెరిగేకొద్దీ జరిమానా పెరుగుతుంది. ఎందుకు ఆలస్యమైందో చెప్పే ఆసుపత్రి కాగితాలో, కళాశాల లేఖో ఉంటే దరఖాస్తుకు జతచేయండి. అనుమతి చేతికొచ్చిన తర్వాతే టికెట్టు తీయించండి. అందులో రాసిన తేదీలోపు దేశం దాటాలి కాబట్టి, కనెక్టింగ్ విమానం ఢిల్లీలోనో ముంబైలోనో అర్ధరాత్రి దాటాక బయలుదేరుతుంటే, ఏ తేదీ లెక్కకొస్తుందో ముందే చూసుకోండి.